గుప్పిట్లో జీడిపప్పు

సుగరు, బీపీ ముదిరి రెండు మూత్రపిండాలూ పనిచేయడం మానేశాయని డాక్టరు చెప్పినరోజు మునస్వామి భార్య యశోదమ్మ ఏడవలేదు. ఏడవడానికి తీరిక లేకపోయింది. వారానికి మూడుసార్లు చిత్తూరులో పొద్దున్నే బస్సెక్కి తిరుపతి పోవాలి, ఆయన్ను డయాలసిస్ మంచం మీద పడుకోబెట్టాలి, నాలుగు గంటలు వరండాలో కూర్చోవాలి, తూలుతూ వచ్చే మనిషిని భుజానికి ఆనించుకుని మళ్లీ బస్సెక్కించాలి. ఆ సూదులు, మాత్రలు, తిరుగుళ్లు ఒక దారిన పడేసరికి ఏడుపు ఎక్కడో వెనకబడిపోయింది.

మొదటి వారంలోనే, రోగులు ఏం తినాలో ఏం తినకూడదో చెప్పే రెబెకా అనే అమ్మాయి ఇద్దర్నీ తన గదిలోకి పిలిచి కూర్చోబెట్టింది. నాయుడుపేట పిల్ల. ఉద్యోగానికి కొత్త. ఏది చెప్పినా రెండోసారి ఇంకా నెమ్మదిగా చెప్పేది.

"పెద్దాయనా, మీరేం పని చేస్తారు?"

"వంట మేస్త్రిని తల్లీ. చిత్తూరు చుట్టుపక్కల పెళ్లంటే నా చక్కెర పొంగలి లేకుండా పంక్తి లేవదు. కావాలంటే ఈమెను అడుగు."

రెబెకా నవ్వింది. నవ్వుతూనే ఆయన బతుకులో ఉన్న రుచులన్నీ ఒక్కొక్కటిగా తీసేస్తూ పోయింది. కొబ్బరినీళ్లు, అరటిపండు, టమాటా, ఊరగాయ. అన్నిటికీ తలాడించిన మునస్వామి జీడిపప్పు పేరు వినగానే కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"ముంతమామిడి పప్పా? అది బలం కదమ్మా! బాలింతలకు పెట్టించినాను, జొరమొచ్చి లేసినోళ్లకు పెట్టించినాను. అదేం చేస్తాది మనిషిని?"

"బలమే పెద్దాయనా, కాదనలేదు. అందులో మంచి కొవ్వు ఉంది, మాంసకృత్తులు ఉన్నాయి, మెగ్నీషియం, జింకు, రాగి ఉన్నాయి. కొవ్వు అనగానే గుండెకు చెడుపని జనం భయపడతారు గానీ, ఉప్పు, నూనె లేకుండా రోజుకు చిన్న గుప్పెడు తింటే ఆరోగ్యంగా ఉండే మనిషికి మేలే. అయితే దాంట్లోనే పొటాషియం, ఫాస్ఫరస్ కూడా బాగా ఉంటాయి. మామూలు వాళ్లకైతే ఎక్కువైనదాన్ని కిడ్నీలు బయటికి తోసేస్తాయి. మీవి తోయలేవు. ఫాస్ఫరస్ నిలిచిపోతే ఎముకలు గుల్లబారతాయి. పొటాషియం మరీ పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. అందుకని దాన్ని దూరం పెట్టండి."

ఆ అమ్మాయి చెప్పిన వాటిలో చాలా మాటలు యశోదమ్మకు గది దాటేలోపే మరుపున పడ్డాయి. ఒక్కటి మాత్రం చెవిలో మేకులా దిగింది. గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు.

బస్సులో మునస్వామి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. చంద్రగిరి దాటాక తనలో తను అనుకున్నట్టు అన్నాడు. "నిన్ను బతికించిందే ఆ పప్పు. నన్ను మాత్రం చంపుతాదంట."

అది ఆయన నమ్మకం. యశోదమ్మ నమ్మకమూ అదే. పెళ్లయిన మూడో ఏట ఆమెకు కడుపులో బిడ్డ నిలవలేదు. నిలవకపోగా రక్తం విపరీతంగా పోయి, మనిషి తెల్లకాగితంలా అయిపోయింది. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. ఇంక బిడ్డలు పుట్టరని కూడా అప్పుడే తెలిసింది. గోడవైపు తిరిగి పడుకున్న ఆమెతో మునస్వామి ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. ఆయనకు అవి రావు. పొద్దున్నే జీడిపప్పు నానబెట్టి, మెత్తగా రుబ్బి, పాలలో కలిపి, బెల్లం వేసి కాచి తెచ్చేవాడు. తల కింద చెయ్యి పెట్టి లేపి తాగించేవాడు. పెళ్లిళ్లకు వంటకు పోతే, అక్కడ నేతిలో వేయించిన పప్పులో తనకిచ్చిన నాలుగు పలుకులు తినకుండా గుప్పిట్లో పెట్టుకుని తెచ్చి ఆమె అరచేతిలో పోసేవాడు. అవి ఆయన చెమటకు కొంచెం మెత్తబడి ఉండేవి. డాక్టరమ్మ ఇచ్చిన ఐరన్ మాత్రలే ఎక్కువ పనిచేశాయేమో. కానీ ఆమె ఒంటికి రంగు తిరిగినప్పుడు వీధిలో అందరికీ మునస్వామి చెప్పిన మాట వేరు. "మాత్రలు కాదు. ముంతమామిడి పప్పు."

బిడ్డలు లేని ఇంట్లో ఆ గుప్పిటి తెరుచుకోవడం మానలేదు. తమ్ముడు గిరిప్రసాద్ కూతురు మహిత నడక నేర్చినప్పటి నుంచి పెదనాయన చేతివేళ్లు విప్పి చూడటం నేర్చుకుంది. అన్నదమ్ములవి పక్కపక్క ఇళ్లు. మహిత సగం ఈ ఇంట్లోనే పెరిగింది.

ఇప్పుడు ఆ ఇంట్లో జీడిపప్పు డబ్బా లేదు. యశోదమ్మ దాన్ని మరిది ఇంటికి ఇచ్చేసింది. బంగాళాదుంప అయినా, చిక్కుడుకాయ అయినా ముక్కలు కోసి, బాగా ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి అప్పుడు తాలింపు వేసేది. ఉప్పు చిటికెడు. తాగే నీళ్లు గ్లాసుతో కొలిచి ఇచ్చేది. గుడ్డులో పచ్చసొన తీసేసి తెల్లది ముందు పెట్టేది. పెళ్లిళ్లలో వంద అండాల పొంగలి దించిన మనిషి ఆ పళ్లెం ముందు కూర్చుని, మొదట్లో ఎగతాళి చేసేవాడు.

"మే యశోదా, ఇది కూరా, కూర కడిగిన నీళ్లా?"

"మాట్లాడకుండా తిను. నువ్వుండాల నాకు."

ఆ మాటకు ఆయన నోరు మూసుకునేవాడు. కానీ మనిషి అన్నాక నాలుక ఊరుకోదు. ఒకసారి మహిత తెచ్చిన మైసూర్‌పాకు ముక్క దిండు కింద దొరికింది. ఇంకోసారి పక్కింట్లో టమాటా ఊరుబిండి పచ్చడితో రాగిసంగటి తిని వచ్చాడు. రెండుసార్లూ యశోదమ్మ వీధికి వినబడేట్టు అరిచింది. అరిచాక లోపలికి పోయి ఆయన ఛాతీ మీద చెయ్యి వేసి కూర్చుంది. గుండె కొట్టుకుంటోందో లేదో చూసుకోవడం ఆమెకు అలవాటైపోయింది. నిద్రలో కూడా చెయ్యి అక్కడే ఉండేది.

అట్లా రెండేళ్లు గడిచాయి. డయాలసిస్‌లో పక్క మంచాల మీద మనుషులు మారిపోయారు. మునస్వామి మాత్రం నిలబడ్డాడు. రెబెకా రక్తపరీక్ష చూసినప్పుడల్లా "అమ్మ బాగా చూసుకుంటోంది" అనేది. ఆ మాట యశోదమ్మకు ప్రసాదం లాంటిది.

మాఘమాసంలో మహిత పెళ్లి కుదిరింది. చిత్తూరులోనే కల్యాణమండపం. తన బిడ్డ లాంటి పిల్ల పెళ్లికి మునస్వామి వంట చేయలేడు. నిలబడే శక్తి లేదు. అయినా కుర్చీ తెప్పించుకుని పొయ్యిల దగ్గరే కూర్చున్నాడు. వంటకు వచ్చినవాళ్లు ఆయన కింద పనిచేసినవాళ్లే. "అన్నా, నువ్వు చెప్పు, మేం చేస్తాం" అన్నారు. ఆ పూట మునస్వామి గొంతు మళ్లీ పాతగొంతు అయింది. మంట తగ్గించమన్నాడు. బెల్లం పాకం వడగట్టమన్నాడు. నెయ్యి కాగిందో లేదో వాసన బట్టి చెప్పాడు. జీడిపప్పు నేతిలో పడి బంగారు రంగు తిరిగే క్షణాన "దించు దించు, మాడిపోతాది!" అని కుర్చీలోంచి సగం లేచాడు. దూరంగా తాంబూలాలు సర్దుతున్న యశోదమ్మకు ఆ అరుపు విని చాలా రోజుల తర్వాత కళ్లు చల్లబడ్డాయి.

పంక్తి మొదలైంది. పెళ్లికొడుకు వైపువాళ్లు, చుట్టాలు, వీధివాళ్లు. మునస్వామి ఆకు ముందు కూర్చున్నాడు. యశోదమ్మ ఇంటి నుంచి తెచ్చిన చప్పిడి కూర, అన్నం ఆయన ఆకులో పెట్టింది. వడ్డించే అతను పొంగలి తెచ్చి మేస్త్రి ఆకులో గరిటెడు పెట్టబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. అతను మొహమాటపడి ముందుకు పోయాడు.

కాసేపటికి ఆమె తిరిగి చూసేసరికి మునస్వామి ఎడమచెయ్యి ఒళ్లో గుప్పిటి పట్టి ఉంది. ఆమెకు ఆ గుప్పిటి తెలుసు.

"ఏందది? చెయ్యి తియ్యి."

"ఏమీ లేదులే."

"తియ్యమంటున్నా కదా!"

పంక్తిలో వాళ్లు తినడం ఆపి చూశారు. మునస్వామి నవ్వడానికి ప్రయత్నించాడు. "నాలుగైదు పలుకులే యశోదా. పిల్ల పెళ్లి కదా. సరిగ్గా వేగినాయో లేదో సూస్తామని."

ఆమె ఒంగి ఆయన వేళ్లు ఒక్కొక్కటిగా విప్పింది. నేతితో మెరుస్తున్న జీడిపప్పు పలుకులు తీసి పక్కనున్న ఎంగిలాకులో పడేసింది. "నీకు ప్రాణమంటే లెక్కలేదు. నాకుండాది. పసిబిడ్డ కంటే అన్యాయం అయిపోయినావే!" అంది. గట్టిగానే అంది. ఎవరో చిన్నగా నవ్వారు.

మునస్వామి తెరిచిన అరచెయ్యి అట్లాగే కొంతసేపు ఒళ్లో ఉంచుకున్నాడు. తర్వాత పంచెకు తుడుచుకున్నాడు. చప్పిడి కూర అన్నంలో కలుపుకుని తల ఎత్తకుండా మొత్తం తినేశాడు.

పెళ్లి తర్వాత ఆయన దొంగతనంగా ఏదీ తినలేదు. ఎగతాళి కూడా చేయలేదు. ముందు పెట్టింది తిని, ఇచ్చినన్ని నీళ్లు తాగి, లేచి చెయ్యి కడుక్కునేవాడు. "ఏం కూర చేసేది?" అని అడిగితే "నీ ఇష్టం" అనేవాడు. ఎక్కడ ఏ పెళ్లి జరుగుతోందో, ఎవరు వండుతున్నారో కనుక్కోవడం కూడా మానేశాడు. మొదట యశోదమ్మ దారికి వచ్చాడనుకుంది. పోనుపోను ఆ మాటవినడం ఆమెను భయపెట్టింది. అరిచి పోట్లాడే మనిషే నయం అనిపించింది.

ఒకరోజు ఆయన గడ్డం గీస్తూ ఉండబట్టలేక అంది. "పంక్తిలో అట్లా చేసుండకూడదు నేను. కోపమా?"

"కోపం కాదు మే." అద్దంలోంచి ఆమె వైపు చూశాడు. "నలుగురికీ పెట్టిన చెయ్యి కదా. దాన్ని విప్పి తీసుకుంటివి. అంతే. మర్చిపో."

ఆమె చేతిలో రేజరు ఆగింది.

ఆ వారమే ఒక నిర్ణయానికి వచ్చింది. రెబెకాను అడగాలి. రెండు పలుకులైనా పెట్టొచ్చా అని అడగాలి. ఒప్పుకుంటే తనే నేతిలో వేయించి, అందరి ముందూ కాకపోయినా, ఆయన చేతిలో తనే పెట్టాలి. తిరుపతి పోతే రెబెకా సెలవులో ఉంది. తర్వాతిసారి పోయినా రాలేదు. వచ్చేవారం వస్తుందన్నారు. రెండేళ్లు ఆగినాము, ఒక వారానికేముంది అనుకుంది యశోదమ్మ.

సోమవారం పొద్దున డయాలసిస్‌కు బయలుదేరారు. మునస్వామి ఉతికిన చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఆటో వస్తోందని, సంచిలో దుప్పటి పెట్టుకోవడం మరిచిపోయానని ఆమె లోపలికి పోయింది. తిరిగి వచ్చేసరికి ఆయన తల గోడకు ఆనించి ఉంది. ఆటో అతను హారన్ కొడుతున్నాడు. "లెయ్యయ్యా, ఆటో వచ్చేసినాది" అని భుజం పట్టుకుంది. భుజం ఆమె వైపు ఒరిగింది. అలవాటు కొద్దీ ఛాతీ మీద చెయ్యి వేసింది. ఎంతసేపు వేసి ఉంచినా కింద ఏమీ కదల్లేదు.

పెద్దకర్మ రోజున గిరిప్రసాద్ అన్నకు ఇష్టమైనవన్నీ చేయించాడు. వడ, పులిహోర, చక్కెర పొంగలి. పొంగలి మీద జీడిపప్పు దట్టంగా పరిచారు. విస్తరి ఆయన ఫొటో ముందు పెట్టి దండం పెట్టుకోమన్నారు. యశోదమ్మ దాని వైపు చూడలేకపోయింది.

వంటింటి గుమ్మం దగ్గర తోడికోడలు చంద్రకాంతమ్మ ఎవరితోనో చెబుతుంటే వినబడింది. చెడ్డ మనిషి కాదు. బావ మీద ప్రేమ ఉన్న మనిషి. ఏడుస్తూనే అంది. "బతికుండగా నోటికాడ లాగేసి, సచ్చినాక ఫొటోకు పెడితే ఏమొచ్చె? ఆ నాలుగు పలుకులు తిననిచ్చుంటే ఏమయ్యేది? ఎట్లాగూ పోయినాడు."

యశోదమ్మ లోపల అదే మాట అంతకుముందు నుంచే తిరుగుతోంది.

మిగిలిపోయిన మాత్రలు, వాడని ఇంజెక్షన్లు ఇంట్లో ఒక సంచి నిండా ఉన్నాయి. ఇంకెవరికైనా పనికొస్తాయేమోనని, నెల తిరిగాక ఆమె ఒక్కతే తిరుపతి బస్సెక్కింది. పక్క సీటులో ఎవరో కాలేజీ అమ్మాయి కూర్చుంది. ఆ అమ్మాయి నిద్రలో తల వాల్చితే యశోదమ్మ భుజం కదపలేదు.

రెబెకా ఆమెను చూసి లేచి నిలబడింది. సంచి తీసుకుని బల్లపై పెట్టి, ఎదురుగా కాకుండా పక్కన వచ్చి కూర్చుంది. "నేను సెలవు నుంచి వచ్చేసరికి పెద్దాయన పేరు కొట్టేసి ఉంది. మా అమ్మకు ఆపరేషన్ అయి ఆగిపోయాను."

"నీకోసం రెండుసార్లు అడిగినాను పాపా. ఒక మాట అడగాలని."

"అడగండమ్మా."

"ఇప్పుడడిగి ఏం ప్రయోజనం." యశోదమ్మ చీరకొంగు వేలికి చుట్టుకుంది. "అయినా అడుగుతా. మా ఇంట్లో పిల్ల పెళ్లి జరిగినాది. ఆయన నాలుగైదు ముంతమామిడి పప్పు పలుకులు చేతిలో పెట్టుకున్నాడు. నేను లాగి పారేసినాను. అందరూ సూస్తుండగా. తిననిచ్చుంటే… ఏమయ్యుండేది?"

రెబెకాకు అబద్ధం చెప్పే వీలుంది. చాలా ప్రమాదం అయ్యేదమ్మా, మీరు మంచిపని చేశారు అంటే సరిపోయేది. ఆ ముసలి ముఖం అదే వినడానికి వచ్చిందో, ఇంకేదైనా వినడానికి వచ్చిందో ఆ అమ్మాయికి తెలియలేదు.

"ఏమీ అయ్యుండేది కాదమ్మా" అంది చివరికి. "నాలుగైదు పలుకుల్లో ఉండే పొటాషియం ఎంతో లేదు. ఆయన రక్తపరీక్షలు బాగానే ఉన్నాయి. ఎప్పుడో ఒకసారి, ఉప్పు లేకుండా, తినొచ్చు. గుప్పెళ్లు గుప్పెళ్లు తింటే ప్రమాదం. రెండిస్తే నాలుగు, నాలుగిస్తే పది తినే వాళ్లను రోజూ చూస్తాం కదా, అందుకని అందరికీ 'దూరం పెట్టండి' అనేస్తాం. మీకు విడిగా, ఇంత వరకు ఫరవాలేదని చెప్పుండాల్సింది. నేను చెప్పలేదు."

యశోదమ్మ తలాడించింది. ఆమె అనుకున్నదే. తప్పు చేసినా ఆయన్ను కాపాడానన్న తృప్తి కూడా ఇంక లేదు. కారణం లేకుండానే ఆ వేళ్లు విప్పింది.

"ఆయన గుండె అప్పటికే దెబ్బతినుండాదమ్మా" అంది రెబెకా. నోట తన ఊరి మాట బయటపడింది. "సుగరు, బీపీ వల్ల. మీరు లేకపోయుంటే రెండేళ్లు బతికేవాడే కాదు. ఆ మాట నిజం. మిమ్మల్ని ఓదార్చాలని చెప్పడం లేదు."

"తెలుసు పాపా. నువ్వు చెప్పింది సరిగానే చెప్పినావు. నాకే భయం ఎక్కువ. ఆ భయంతోనే కూడు పెట్టినాను ఆయనకు, రెండేళ్లూ." కళ్లు తుడుచుకుంది. "ఆయన మాత్రం నాకు భయంతో ఎప్పుడూ పెట్టలేదు."

ఆ మాట దగ్గర ఆమెకు ఇన్నాళ్లూ వెనకబడిన ఏడుపు వచ్చింది. గది బయట మనుషులు తిరుగుతున్నారని, తలుపు తెరిచే ఉందని కూడా చూసుకోకుండా ఏడ్చింది. రెబెకా ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. ఆపమని అనలేదు.

చాలాసేపటికి ముఖం కడుక్కుని వరండాలోకి వస్తే, రెండేళ్లు తను కూర్చున్న బెంచీ మీద ఎవరో కొత్త ఆవిడ కూర్చుని ఉంది. ఒళ్లో సంచి గట్టిగా పట్టుకుని డయాలసిస్ గది తలుపు వైపే చూస్తోంది. యశోదమ్మను చూసి జరిగి చోటిచ్చింది.

"మీ ఆయనకా అక్కా?" అని అడిగింది. "నా పేరు గురవమ్మ. పుత్తూరు. మాకు ఈరోజే మొదలు. ఏం పెట్టాల్నో, ఏం పెట్టకూడదో ఒకటే గందరగోళంగా ఉండాది. నువ్వు ఎన్నాళ్ల నుంచి వస్తా ఉండావు?"

యశోదమ్మ కూర్చుంది. తన ఆయన సంగతి చెప్పబోయి ఆగిపోయింది. ఈరోజే మొదలైన మనిషికి అది ఎందుకు? ముక్కలు ఉడకబెట్టి నీళ్లు పారబోయమని చెప్పింది. నీళ్లు చిన్న గ్లాసుతో ఇస్తే ఎక్కువ తాగినట్టు ఉంటుందని, నోరు మరీ ఎండితే ఒక ఐసుముక్క చప్పరించమని చెప్పింది. బస్సులో ఎండ పడని వైపు కూర్చోబెట్టమంది. గురవమ్మ ప్రతి మాటకూ పెదాలు కదుపుతూ గుర్తుపెట్టుకుంటోంది.

"మా ఆయనకు వేరుశనక్కాయలంటే పిచ్చి అక్కా. అవి కూడా మానిపించాల్నంట. గుండె ఆగిపోతాదంటనే! ఇంట్లో ఒక్కటి లేకుండా చేసేస్తా."

యశోదమ్మ ఆ చేతులను చూసింది. సంచి పట్టుకున్న వేళ్లు బిగిసి ఉన్నాయి.

"లోపల రెబెకా అని ఒక పాప ఉండాది. మంచి పిల్ల. పోయి అడుగు" అంది. "పెట్టొచ్చా వద్దా అని అడగొద్దు. ఎన్ని పెట్టొచ్చు అని అడుగు. ఈరోజే అడుగు. వచ్చేవారం అనుకోవద్దు."

గురవమ్మకు అర్థమైందో లేదో, సరే అంది. కాసేపటికి లోపలి నుంచి నర్సు పిలిస్తే లేచి పరుగున పోయింది. యశోదమ్మ బెంచీ మీద ఇంకొంతసేపు కూర్చుంది. తర్వాత ఖాళీ చేతులతో మెట్లు దిగి బస్టాండు వైపు నడిచింది.